ఇరవైనాలుగు గంటల ఇంజను

మేముండేది డెట్రాయిట్ పక్కన. ఈ ఊళ్ళో ఏ తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినా కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఒకరు బ్రేకులు చూస్తారు, ఒకరు సీట్లు చూస్తారు, ఇంకొకరు ఆ సీట్లకయ్యే ఖర్చు చూస్తారు. నేను మాత్రం ఆ బాపతు కాదు. చదివింది ఇంజనీరింగు, చేస్తున్నది సాఫ్టువేరు. మన తరంలో చాలామంది కథ ఇదే కదా! ఇరవై ఏళ్ళుగా నేను కారు హుడ్డు ఎత్తింది అద్దం తుడిచే నీళ్ళు పోయడానికే.

ఆ లోటు మా పెద్దవాడు తీర్చాడు. కాలేజీలో రెండో సంవత్సరంలో ఉండగా, రెండు వేసవులు పనిచేసి దాచుకున్న డబ్బుతో ఒక పాత మస్టాంగ్ కారు కొన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. దాని శక్తి చాలదని సూపర్‌ఛార్జరు తెప్పించాడు. అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే యంత్రం. తర్వాత కొత్త క్యామ్‌షాఫ్టు వచ్చింది. తర్వాత పెద్ద సైలెన్సరు గొట్టాలు. రోజుకొక అట్టపెట్టె గుమ్మం ముందు దిగేది. మా ఆవిడ "వీడికి పెళ్ళి చేసినా ఇన్ని సామాన్లు రావేమో" అనేది.

మూడు వారాలు బ్రహ్మాండంగా తిరిగింది. నాలుగో వారం ఒక శనివారం ఫ్రీవే ఎక్కుతుండగా పెద్ద చప్పుడు చేసి, తెల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. టో ట్రక్కు మీద ఇంటికి చేరింది. ఆ సాయంత్రం వాణ్ణి నేను అనకూడని మాటలు అన్నాను. వాడు మాట్లాడకుండా మేడమీదికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు అన్నం బల్ల దగ్గరికి రాలేదు.

ఇంజను విప్పాక తెలిసింది: ఒక పిస్టను తల కరిగి బెజ్జం పడింది. గాలి పెరిగింది కాని దానికి తగ్గ పెట్రోలు అందలేదు. ఇంధనం పంపు పాతదే, ఫ్యాక్టరీలో పెట్టినదే. తక్కువ పెట్రోలుతో మండిన మంట వేడికి అల్యూమినియం పిస్టను తట్టుకోలేకపోయింది. వాడు కొన్న ప్రతి పార్టూ మంచిదే. అన్నీ పేరున్న సరుకులే. అన్నీ కలిపితే మాత్రం మంచి ఇంజను కాలేదు.

"అన్నీ మంచివే అయినప్పుడు తప్పెక్కడ నాన్నా?" అని వాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఆదివారం ఇద్దరం డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డు మ్యూజియముకి వెళ్ళాం. ఇండియానుంచి వచ్చిన చుట్టాలను తీసుకుని పదిసార్లయినా వెళ్ళి ఉంటాను. ఒక ఎర్ర కారు పక్కనుంచి పదిసార్లూ నడిచి పోయి ఉంటాను. ఈసారి దాని ముందు నిలబడ్డాం. 1967లో ఫ్రాన్సులో లె మాన్ అనే ఊళ్ళో ఇరవైనాలుగు గంటల పందెం గెలిచిన ఫోర్డు మార్క్ 4 అది. మావాడి ప్రశ్నకు జవాబు ఆ కారు వెనక ఉన్న నాలుగేళ్ళ చరిత్రలో దొరికింది. ఆ చరిత్రే ఈ వ్యాసం.

1. కొనలేకపోయిన కంపెనీ

2019లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఈ కథ పైపైన మన పిల్లలందరికీ తెలుసు. రెండవ హెన్రీ ఫోర్డు ఇటలీలోని ఫెరారీ కంపెనీని కొనబోయాడు. 1963 మే నెలలో, సంతకాల దాకా వచ్చాక, పందేల మీద పెత్తనం ఎవరిదన్న దగ్గర ఎంజో ఫెరారీ అడ్డం తిరిగాడు. బేరం చెడింది. కొనలేకపోతే ఓడిద్దామని ఫోర్డు నిశ్చయించాడు. ఓడించవలసిన చోటు లె మాన్. 1960 నుంచి 1965 దాకా వరసగా ఆరేళ్ళు అక్కడ గెలిచినవి ఫెరారీ కార్లే.

లె మాన్ సంగతి కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో ఒక చుట్టు పదమూడున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అందులో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డు. ఒకచోట దాదాపు ఆరు కిలోమీటర్లు తిన్నగా ఉండేది. అక్కడ కార్లు గంటకు మూడువందల కిలోమీటర్లు దాటి పోయేవి. దాని చివర ఒక్కసారిగా సిటీలో నడిపే వేగానికి తగ్గించి మలుపు తిరగాలి. ఇలా పగలూ రాత్రీ, ఎండా వానా చూడకుండా ఇరవైనాలుగు గంటలు. ఎక్కువ దూరం పోయినవాడు గెలిచినట్టు. అప్పట్లో కారుకి డ్రైవర్లు ఇద్దరుండేవారు, వంతులు మార్చుకునేవారు. ఇంజను ఒక్కటే, దానికి వంతు లేదు.

ఇంకో నిబంధన కూడా ఉండేది. ఇన్ని చుట్లు తిరిగేదాకా ఇంజనులో నూనెగాని, రేడియేటరులో నీళ్ళుగాని పోయకూడదు. కారే ఇంజనుకు అక్కడ క్షమాపణ లేదు.

2. రెండు ఓటములు

ఫోర్డు దగ్గర డబ్బుంది, మనుషులున్నారు. ఇంగ్లండులో లోలా కార్లు కట్టే ఎరిక్ బ్రాడ్లీని, ఫోర్డు ఇంజనీరు రాయ్ లన్‌ని, పందేల అనుభవమున్న జాన్ వయర్‌ని ఒకచోట చేర్చారు. నలభై అంగుళాల ఎత్తున్న కారు తయారయింది. అందుకే దానికి జీటీ40 అన్న పేరు స్థిరపడింది. ఇంజను 4.2 లీటర్ల అల్యూమినియం వి-8. ఇండియానాపొలిస్ పందెం కోసం చేసిన ఇంజను కుటుంబంలోది. 1963లో జిమ్ క్లార్క్ దాంతో అక్కడ రెండో స్థానం తెచ్చుకున్నాడు. గేరుబాక్సు ఇటలీలోని కొలొట్టీ వారిది. అది కూడా పేరున్న సరుకే.

1964లో మూడు కార్లు లె మాన్ వెళ్ళాయి. ఫిల్ హిల్ అందరికంటె వేగంగా ఒక చుట్టు తిరిగి రికార్డు పెట్టాడు. అయినా మూడు కార్లలో ఒక్కటీ చివరిదాకా రాలేదు. రెండు గేరుబాక్సు పోయి ఆగాయి, ఒకటి అంటుకుంది.

ఇక్కడ మావాడు తన మస్టాంగ్‌ని గుర్తుపట్టాడు. ఇండియానాపొలిస్ అయిదువందల మైళ్ళ పందెం, అప్పట్లో మూడున్నర గంటల్లో అయిపోయేది. అక్కడ గేర్లు మార్చే పని దాదాపు ఉండేది కాదు. లె మాన్‌లో ప్రతి చుట్టులోనూ పదేపదే మార్చాలి. ఇంజను మంచిదే, గేరుబాక్సు మంచిదే. ఆ రెంటికీ అప్పగించిన పనే వేరు.

1965లో బాధ్యత కారల్ షెల్బీకి అప్పగించారు. ఇంజను కూడా మార్చారు. ఈసారి ఏడు లీటర్లది. శక్తికి కొదవలేదు. మొదటి గంటల్లో ఫోర్డులు ముందు పరిగెత్తాయి. కాని ఆ రెండు పెద్ద ఇంజను కార్లలో ఒకటి గేరుబాక్సుతోనూ, రెండోది క్లచ్చితోనూ ఆగిపోయింది. చిన్న ఇంజన్లున్న మిగతా జీటీ40లు కూడా చివరిదాకా రాలేదు. యోకెన్ రింట్, మాస్టన్ గ్రెగరీ నడిపిన ఫెరారీ గెలిచింది. అదైనా ఫెరారీ సొంత జట్టు పంపిన కారు కాదు. సొంత జట్టు కార్లూ దెబ్బ తిన్నాయి. అందరికంటె వేగమైన కారు కాదు, మిగిలిన కారు గెలిచింది.

3. పెద్ద ఇంజను, చిన్న కోరిక

ఆ ఏడు లీటర్ల ఇంజను పేరు 427. పందెం ఇంజన్లలో దాని కులగోత్రాలు గొప్పవేం కావు. 1958లో ఫోర్డు మామూలు పెద్ద కార్ల కోసం మొదలుపెట్టిన ఇంజను కుటుంబంలోది. ఆ కుటుంబానికే చెందిన ఇంజన్లు ట్రక్కులు కూడా లాగేవి. అమెరికాలో నాస్కార్ పందేలకు ఏడు లీటర్లు, అంటే 427 ఘనపు అంగుళాలు, పరిమితి. అందుకని 1963లో ఆ పేరు పెట్టారు. సిలిండరు వ్యాసం 4.23 అంగుళాలు, పిస్టను కదిలే దూరం 3.78 అంగుళాలు. ఎనిమిది సిలిండర్లకి లెక్క కడితే 425 మాత్రమే వస్తుంది. కావాలంటే మీ పిల్లల చేత కట్టించి చూడండి.

దీన్ని ఫెరారీ ఇంజను పక్కన పెట్టి చూద్దాం. 1966 నాటి ఫెరారీ పీ3లో ఉన్నది నాలుగు లీటర్ల వి-12. నాలుగు క్యామ్‌షాఫ్టులు, నగిషీ పనిలాంటి తయారీ. దాని శక్తి సుమారు 420 హార్సుపవరు, అంటే లీటరుకు నూట అయిదు. ఫోర్డు 427 లె మాన్‌లో ఇచ్చినది 485 హార్సుపవరు, లీటరుకు డెబ్బయి లోపు. కాలేజీలో మా ప్రొఫెసరు ఈ లెక్క చూస్తే ఫోర్డుకి తక్కువ మార్కులు వేసేవారు. కాని ఆ తక్కువ మార్కుల్లోనే ఉంది కిటుకు.

ఫోర్డు దగ్గర ఇంతకంటె ఎక్కువ శక్తి లేక కాదు. అదే 427కి తల మీదనే క్యామ్‌షాఫ్టులు బిగించిన రకం ఒకటి అప్పటికే చేసి ఉంచారు. అది ఆరువందల హార్సుపవరు దాటేది. దాన్ని లె మాన్ తీసుకుపోలేదు. పాత పద్ధతి పుష్‌రాడ్ ఇంజననే ఎంచుకున్నారు.  లె మాన్‌కి ఒక్క కార్బురేటరు చాలన్నారు. డ్రైవర్లను నిమిషానికి సుమారు 6,200 చుట్లు దాటనివ్వలేదు.

ఆ అంకె దగ్గర ఎందుకు ఆగాలి? ఇంజను తిరిగేటప్పుడు పిస్టను పైకి పోయి, ఆగి, కిందికి వస్తుంది. ప్రతిసారీ దాన్ని ఆపి వెనక్కి లాగే భారం కనెక్టింగు రాడ్డు మీద, దాని బోల్టుల మీద పడుతుంది. ఈ భారం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 6,200 నుంచి 7,000కి పోతే వేగం పెరిగేది నూటికి పదమూడు. రాడ్డు మీద లాగుడు పెరిగేది నూటికి ఇరవైఏడు. అది కూడా ఒక్కసారి కాదు, నిమిషానికి వేలసార్లు, ఒక రోజంతా. లోహానికి కూడా అలసట ఉంటుంది. ఇంజనీరింగులో మనం "ఫెటీగ్" అని చదువుకుని పరీక్ష రాసి మరిచిపోయినది ఇదే.

మా తాతగారి ఊళ్ళో ధాన్యం మిల్లుకి ఒక ఆయిలు ఇంజను ఉండేది. మనిషెత్తు చక్రం, డుగ్గు డుగ్గుమని నెమ్మదిగా తిరిగేది. నా చిన్నతనానికే అది పాతది. మిల్లు మేస్త్రీని "ఇంకా వేగంగా తిప్పలేవా?" అని అడిగితే "తిప్పచ్చు బాబూ, ఎన్నాళ్ళు తిరగాలో చెప్పు ముందు" అనేవాడు. డియర్‌బోర్న్ ఇంజనీర్లు వేసుకున్న ప్రశ్న కూడా అదే. ఎంత శక్తి అని కాదు, ఎంతసేపు అని.

4. కాలువ చివరి పొలం

కోరిక తగ్గించుకోవడం ఒక ఎత్తు, పార్టులు ఎంచుకోవడం మరో ఎత్తు. 427లో నాకు అన్నిటికంటె నచ్చినది నూనె దారి. కోస్తా జిల్లాలవాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక.

కాలువకింద పొలాలున్నవాళ్ళకి తెలుసు: నీళ్ళు ముందు ఎగువవాడికి అందుతాయి, చివరి పొలంవాడు రాత్రిళ్ళు గట్టు మీద కాపలా పడుకోవాలి. ఈ ఇంజను మొదటి రూపంలో నూనె ముందుగా పైనున్న క్యామ్‌షాఫ్టు వైపు పోయి, ఆ తర్వాత కింద క్రాంక్‌షాఫ్టు బేరింగులకి చేరేది. కాని అసలు బరువు మోసేది ఆ బేరింగులే. వేగం పెరిగి నూనె అవసరం ఎక్కువైన వేళ, చివరి పొలం ఎండిపోయేది. క్షణం సేపు నూనె పొర తెగితే లోహం లోహాన్ని రాసుకుని బేరింగు కరిగిపోతుంది. 1965లో బ్లాకు పోత మార్చారు. పక్కగోడలో ఒక పెద్ద నూనె కాలువ పెట్టి, ముందు క్రాంక్‌షాఫ్టు బేరింగులకి అందాకనే మిగతావాటికి పోయేలా చేశారు. దాన్ని "సైడ్ ఆయిలరు" అంటారు. కొత్త పంపు కాదు, కొత్త నూనె కాదు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరస మార్చారు.

తక్కినవి కూడా ఈ ధోరణిలోవే. క్రాంక్‌షాఫ్టు పోత పోసినది కాదు, సాగగొట్టిన ఉక్కుది. దాన్ని పట్టి ఉంచే మూతలకి కిందినుంచి బోల్టులు ఎలాగూ ఉంటాయి; వాటిలో నడుమనున్న మూతలకి బ్లాకు రెండు పక్కలనుంచి అడ్డంగా కూడా బోల్టులు బిగించారు. లె మాన్ కారులో నూనెని ఇంజను అడుగున నిలవ ఉంచకుండా విడిగా ట్యాంకులో పెట్టారు. మలుపుల్లో నూనె ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీల్చకుండా ఉండటానికి. బరువు తగ్గించడానికి సిలిండరు హెడ్డులు అల్యూమినియంతో చేశారు.

అల్యూమినియంతో ఒక చిక్కుంది. వేడికి అది ఇనుముకంటె రెండింతలు సాగుతుంది. కింద బ్లాకు ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. రెంటి మధ్య నలిగేది గాస్కెట్టు. రెండు మంచి పార్టుల మధ్య కాపురం కుదరకపోతే మధ్యవాడు నలిగిపోతాడు, మన ఇళ్ళల్లో లాగానే. ఏ పార్టునైనా విడిగా మంచిదా అని అడిగితే చాలదు, పక్కనున్నదానితో పడుతుందా అనికూడా అడగాలి.

5. గదిలో లె మాన్

పడుతుందో లేదో తెలిసేదెలా? ఇక్కడే ఫోర్డు తన అసలు బలం వాడింది. లె మాన్‌లో కారు ఎక్కడ ఎంత వేగంతో పోయిందో, ఎక్కడ గేరు మారిందో, ఎక్కడ థ్రాటిలు వదిలిందో రికార్డు చేసుకున్నారు. డియర్‌బోర్న్‌లోని పరీక్షశాలలో ఇంజనుని గేరుబాక్సుతో సహా డైనమోమీటరుకి బిగించారు. మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే థ్రాటిలు నొక్కేది, క్లచ్చి తొక్కేది, గేర్లు మార్చేది. నాలుగు గోడల మధ్య కదలకుండా నిలబడి ఆ ఇంజను లె మాన్ చుట్లు తిరిగేది. ఏదో ఒకటి విరిగేదాకా తిప్పడం, విప్పి చూడటం, విరిగినది మార్చడం, మళ్ళీ తిప్పడం. ఇదీ 1966లో వాళ్ళు చేసిన తపస్సు.

సాఫ్టువేరు మనిషిగా ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఒక పెద్ద సిస్టము విడుదల చేశాం. ఏ ముక్కకి ఆ ముక్క పరీక్షల్లో నెగ్గింది. అన్నీ కలిపి, అసలు రద్దీ ఎలా ఉంటుందో అలా నడిపి చూద్దామని ఒకరిద్దరు అన్నారు. టైము లేదన్నాం. ఆ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. థాంక్స్‌గివింగ్ వారంలో మొత్తం కుప్పకూలింది. ఎక్కడా పెద్ద తప్పు లేదు. ఒక చిన్న డేటాబేసు కనెక్షన్ల సంఖ్య పాతదే ఉండిపోయింది. మావాడి పెట్రోలు పంపు లాగ! వాణ్ణి తిట్టినరోజున ఈ సంగతి నాకు గుర్తు రాలేదు.

6. గెలుపులో ఓటమి

1966 ఫిబ్రవరిలో డేటోనా ఇరవైనాలుగు గంటల పందెం, మార్చిలో సెబ్రింగ్ పన్నెండు గంటల పందెం ఫోర్డు గెలిచింది. రెంటిలోనూ నడిపినవారు కెన్ మైల్స్, లాయిడ్ రూబీ. జూన్ 18, 19 తేదీల్లో లె మాన్. ఫోర్డు ఎనిమిది మార్క్ 2 కార్లు దింపింది. కారు బరువుకీ వేగానికీ బ్రేకు డిస్కులు ఎర్రగా కాలి పగిలేవి. దానికి షెల్బీ మనిషి ఫిల్ రెమింగ్టన్ డిస్కుల్ని నిమిషాల్లో మార్చే ఉపాయం కట్టాడు. ఇంజను ఇచ్చిన శక్తిని ఆపగలిగే పార్టు కూడా లెక్కలోకి రావాలి కదా!

ఫోర్డులు మొదటి మూడు స్థానాలూ తెచ్చుకున్నాయి. గెలిచిన బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్‌ల కారు 360 చుట్లు, 4,843 కిలోమీటర్లు పోయింది. ఫెరారీ పీ3లు ఒక్కటీ చివరిదాకా రాలేదు. ఇంతవరకే చెబితే కథ తియ్యగా ఉంటుంది. అంత పరీక్ష చేసినా ఎనిమిది ఫోర్డుల్లో అయిదు మధ్యలోనే ఆగిపోయాయని కూడా చెప్పాలి. ముందంజలో ఉన్న డాన్ గర్నీ కారు వేడెక్కిపోయి ఆగింది. నమ్మకం అంటే విరగకపోవడం కాదు, విరిగే అవకాశాన్ని తగ్గించుకుంటూ పోవడం. మిగిలినదానికి పక్కన ఇంకోటి సిద్ధంగా ఉంచుకోవడం. రెండేసి సర్వర్లు పెట్టుకునే మనకి ఇది తెలియనిది కాదు.

ఆ రోజు కెన్ మైల్స్‌కి జరిగినది మీరు సినిమాలో చూసే ఉంటారు. ముందున్న మైల్స్‌ని వేగం తగ్గించమని, కార్లు కలిసి గీత దాటేటట్టు ఫోర్డు పెద్దలు ఏర్పాటు చేశారు. తీరా చూస్తే, మెక్‌లారెన్ కారు బయలుదేరినది వెనకనుంచి కాబట్టి కొద్ది మీటర్లు ఎక్కువ దూరం పోయినట్టని అధికారులు దానికి మొదటి స్థానం ఇచ్చారు. ఒకే ఏడు డేటోనా, సెబ్రింగ్, లె మాన్ మూడూ గెలిచే అవకాశం మైల్స్ చేజారింది. రెండు నెలలకి, ఆగస్టు 17న, కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ ట్రాకు మీద కొత్త కారుని పరీక్షిస్తూ ఆయన ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాతే ఆ కారు లోపల ఉక్కు గొట్టాలతో పంజరం కట్టారు. 1967లో లె మాన్‌లో మారియో ఆండ్రెట్టి కారు గోడకి కొట్టుకున్నప్పుడు ఆయన బతికి బయటపడ్డాడు. పార్టుల జాబితాలో మొదట రాయవలసినది కొన్నిసార్లు చివర చేరుతుంది. దాని ఖరీదు ఒక మనిషి చెల్లిస్తాడు.

7. ఒక ఇరుసు చెప్పిన పాఠం

గెలిచినవాళ్ళు నేర్చుకోరంటారు. ఫోర్డుకి మాత్రం ఎనిమిది నెలల్లోనే ఇంకో పాఠం వచ్చింది. 1967 ఫిబ్రవరిలో డేటోనాకి ఆరు మార్క్ 2 కార్లు వెళ్ళాయి. అదే ఇంజను, అదే జట్టు. రాత్రి అయ్యేసరికి ఒకదాని తర్వాత ఒకటి గేరుబాక్సుతో గ్యారేజికి వచ్చాయి. గేరుబాక్సునుంచి శక్తి బయటికి తెచ్చే ఇరుసు విరిగిపోతోంది. కొత్త ఇరుసు వేస్తే అదీ విరిగింది. విడిగా తెచ్చుకున్న ఇరుసులు కూడా ఆ సరుకులోవే మరి.

కారణం తర్వాత తేలింది. వాటికి వేడిచేసి గట్టిపరిచే పని సరిగ్గా జరగలేదు. మన ఊళ్ళో కమ్మరి కొడవలిని కొలిమిలో కాల్చి, రంగు చూసి, సరిగ్గా అప్పుడు నీళ్ళలో ముంచుతాడు. ముందు ముంచితే మెత్తన, వేడి మీరితే పెళుసు. ఇనుము అదే, ఆకారం అదే, కొలతలు అవే. కంటికి ఏ తేడా కనిపించదు. డ్రాయింగు ప్రకారం అది సరైన ఇరుసే. ఆరు కార్లలో ఒక్కటే చివరిదాకా నడిచింది, అది కూడా ఏడో స్థానంలో. ఫెరారీలు మూడు వరసగా, పక్కపక్కన గీత దాటాయి. పోయిన ఏడు లె మాన్‌లో ఫోర్డు దిగిన ఫొటోకి అది జవాబు.

ఏ పార్టు అన్న ప్రశ్నకి మోడలు నంబరు ఒక్కటే జవాబు కాదని ఇక్కడ తెలుస్తుంది. ఎవరు చేశారు, ఏ విడతలో చేశారు, ఎవరు తనిఖీ చేశారు అనేవి కూడా ఆ జవాబులో భాగమే.

8. పక్కకి తప్పుకున్నవాడు

1967 జూన్‌లో ఫోర్డు మార్క్ 4 లె మాన్ వెళ్ళింది. మేము మ్యూజియంలో చూసిన ఎర్ర కారు అదే. డ్రైవర్లు డాన్ గర్నీ, ఏ.జె. ఫాయిట్. ఇద్దరూ కారుని పిండి పిప్పి చేస్తారని పేరు. ఈ కారే ముందు పగులుతుందని చాలామంది జోస్యం చెప్పారు. వాళ్ళు మాత్రం తమాయించుకుని నడిపారు. రాత్రివేళ చుట్ల లెక్కలో వెనకపడిన ఫెరారీ డ్రైవరు మైక్ పార్క్స్ వెనకనుంచి లైట్లు వెలిగిస్తూ ఆర్పుతూ రెచ్చగొట్టాడు. గర్నీ కాసేపు చూసి, రోడ్డు పక్కకి తీసి, కారు ఆపేశాడు! పార్క్స్ కూడా వెనకనే ఆపాడు. చీకట్లో రెండు కార్లూ అలా నిలబడ్డాయి. చివరికి పార్క్సే విసిగి వెళ్ళిపోయాడు. గర్నీ తన దారిన తాను బయలుదేరి మర్నాడు గెలిచాడు. 388 చుట్లు, 5,232 కిలోమీటర్లు. షాంపేన్ సీసా ఊపి అందరి మీదా చల్లే అలవాటు ఆ రోజున ఆయనతోనే మొదలయింది.

తర్వాత నిబంధనలు మారి ఏడు లీటర్ల ఇంజన్లకి చోటు పోయింది. అయినా జాన్ వయర్ జట్టు, అయిదు లీటర్ల లోపు ఫోర్డు ఇంజనుతో, 1964లో పరువు పోగొట్టుకున్న ఆ పాత జీటీ40 రకాన్నే మళ్ళీ దింపింది. 1968లో పెడ్రో రోడ్రిగెస్, లూసియన్ బియాంకీ గెలిచారు. 1969లో జాకీ ఇక్స్, జాకీ ఆలివర్ గెలిచారు. రెండేళ్ళూ గెలిచినది ఒకే కారు, 1075 నంబరు చట్రం! అప్పటికి దానికంటె కొత్తవి, వేగమైనవి ఉన్నాయి. దానికి మాత్రం అయిదేళ్ళ మరమ్మతుల జ్ఞాపకం ఉంది. ఫెరారీకి లె మాన్‌లో మళ్ళీ మొదటి స్థానం దక్కడానికి 2023 దాకా పట్టింది.

9. మా గ్యారేజి

మ్యూజియంనుంచి వచ్చిన రాత్రి నేను మావాడి గదికి వెళ్ళి, థాంక్స్‌గివింగ్ వారంలో నా సిస్టము కూలిన కథ చెప్పాను. అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడు విని, "నిన్నెవరూ తిట్టలేదా?" అన్నాడు. "తిట్టారు. నేను నిన్ను తిట్టినంత కాదు" అన్నాను. ఆ మాటతో మా ఇంట్లో మళ్ళీ నలుగురం కలిసి అన్నం తిన్నాం.

ఈసారి ఏ పార్టూ కొనకముందు ఒక కాగితం తీసుకున్నాం. మొదటి వరసలో ఎంత శక్తి కావాలో రాశాడు. పోయినసారికంటె తక్కువే. రెండో వరసలో అది ఎంతసేపు కావాలి. దానికెంత గాలి, ఆ గాలికెంత పెట్రోలు, ఆ పెట్రోలుకి ఏ పంపు, ఏ ఇంజెక్టర్లు. ఆ ఒత్తిడికి ఏ పిస్టన్లు, ఏ రాడ్డులు, ఏ గాస్కెట్టు. ఆ వేడికి ఎంత రేడియేటరు. ఆ వేగానికి ఏ బ్రేకులు. సూపర్‌ఛార్జరు ఆ కాగితంలో చిట్టచివర వచ్చింది. పోయినసారి అదే మొదట వచ్చింది. ఇంజను బిగించాక వెంటనే రోడ్డెక్కలేదు. డైనమోమీటరున్న ఒక షాపుకి తీసుకెళ్ళి, గాలీ పెట్రోలూ సరిపోతున్నాయో లేదో అంకెల్లో చూసుకున్నాం.

డెట్రాయిట్ చలికాలం అంతా నా పని టార్చిలైటు పట్టుకోవడమే. సరిగ్గా పట్టుకోవడం లేదని వాడు విసుక్కునేవాడు. చిన్నప్పుడు మా నాన్న స్కూటరు బాగుచేసేటప్పుడు నేను పడ్డ మాటలే నాకు తిరిగి వచ్చాయి.

వేసవిలో మన తెలుగువాళ్ళ పిక్నిక్కి ఆ కారులోనే వెళ్ళాం. గంటన్నర దారి. నా చెవులు మాత్రం ఇంజను మీదే. ఫ్రీవే మీద ఒకచోట రోడ్డంతా ఖాళీగా కనిపించింది. "ఇంకా చాలా ఉంది నాన్నా, నొక్కనా?" అన్నాడు.

"ఉండనీరా" అన్నాను. వాడు నవ్వి, కుడిపక్క లేనులోకి తప్పుకున్నాడు.